శనివారం సాక్ష్యం పిరియడ్

అందరికీ నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న మన టీచర్ ఇంటాయన మోహన్ అన్నకు, హెడ్మాస్టర్ బాలరాజ్ సార్‌కు, టీచర్లకు, పిల్లలకు, పిల్లల్ని ఎత్తుకుని వెనక నిలబడ్డ తల్లులకు పేరుపేరునా నమస్కారం. నా పేరు యాదలక్ష్మి. కర్మన్‌ఘాట్ రోడ్డులో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. ఈ బడి పిల్లల్లో సగంమంది యూనిఫాంలు నా చేతి మీదుగానే వెళ్ళాయి. మీ పేర్లు మర్చిపోయి ఉండొచ్చు, మీ కొలతలు మాత్రం మర్చిపోలేదు.

నా గొంతు చిన్నది. వెనక వినపడకపోతే చెయ్యెత్తండి, మైకుకు ఇంకొంచెం దగ్గరికి జరుగుతాను. గట్టిగా మాట్లాడమంటే మాత్రం నావల్ల కాదు. నా యాభై ఏళ్ళలో ఒక్కసారే గట్టిగా మాట్లాడాను. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ లేచి నిలబడ్డాను.

మన పుష్పలత టీచర్ పోయి పదకొండు రోజులైంది. ఇరవై ఆరేళ్ళు ఈ బడిలో సోషల్ చెప్పిన మనిషి. ఇంతమందిమి వచ్చామంటే, ఎల్‌బీ నగర్ నుంచి మూసారాంబాగ్ దాకా ఆమె దగ్గర చదవని ఇల్లు లేదన్నమాట. ఏడవకుండా మాట్లాడాలని అనుకుని వచ్చాను. ఎందుకు ఏడవాలి? మనల్ని అంత నవ్వించిన మనిషికి మనం ఏడుపు ఎట్లా ఇస్తాం?

ఆమె దవాఖానలో ఉన్నప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. తెలియని వాళ్ళ కోసం చెప్తాను. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో "మన పుష్పలత టీచర్ ఇక లేరు" అని పెట్టారు. పది నిమిషాల్లో వందమందికి పైగా దండాల బొమ్మలు పెట్టారు. వంశీకృష్ణ అయితే టీచర్ ఫోటో వెతికి, దానికి పూలదండ కూడా అమర్చి పంపాడు. అప్పుడు అదే గ్రూపులో, దవాఖాన మంచం మీద నుంచి, టీచర్ ఒక్క ముక్క రాశారు.

"చూసినోళ్ళెవరు?"

అంతే. తర్వాత ఒక్కొక్కరే దండాలు చెరిపేసుకోవడం మొదలుపెట్టారు. వంశీ, తల దించుకోకు నాయనా. టీచర్ ఆ ఫోటో దాచుకున్నారు. "దండ మంచిగ పెట్టినవ్ బిడ్డా, ఎట్లాగు పనికొస్తది, ఇదే ఉంచుదాం" అన్నారు. ఇదిగో, మన ముందు బల్ల మీద ఉన్నది అదే ఫోటో.

నవ్వారు కదా? నవ్వండి. ఆమె మాటకు మనం నవ్వితేనే ఆమెకు మర్యాద.

"చూసినోళ్ళెవరు?" ఈ మాట వినకుండా ఈ బడిలో ఎవరైనా పదో తరగతి దాటారా? ప్రతి శనివారం ఆఖరి పిరియడ్ ఆమెది. సోషల్ పుస్తకం మూసేవారు. పాత బిస్కెట్ల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టేవారు. ఆ వారంలో ఫోన్‌లో వచ్చిందో, వీధిలో విన్నదో, మనసులో తిరుగుతున్న మాట ఏదైనా చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. పేరు రాయక్కర్లేదు. ఆమె ఒక్కో చీటీ తీసి పైకి చదివేవారు. ఎంత పిచ్చిమాటైనా ఎవరూ నవ్వకూడదు. ఎంత చెడ్డమాటైనా ఎవరినీ తిట్టకూడదు. బోర్డు మీద నడిమిట్ల గీత గీసి ఒక పక్క "విన్నది", ఇంకో పక్క "చూసింది" అని రాసేవారు. చీటీలో మాట మొదట "విన్నది" కింద పడుతుంది. ఎవరైనా పోయి, చూసి, కనుక్కుని, సాక్ష్యం తెస్తేనే అది ఈ పక్కకు వస్తుంది. అందుకే పిల్లలు దానికి సాక్ష్యం పిరియడ్ అని పేరు పెట్టారు.

ఆ పేరే ఎంత పని చేసిందో తర్వాత చెప్తాను. ముందు మొసలి సంగతి.

ఒక శనివారం చీటీలో వచ్చింది, మూసారాంబాగ్ వంతెన కింద మూసీలో మొసలి ఉందని. ఫోన్‌లో ఫోటో కూడా తిరిగింది. ముగ్గురు పిల్లలు వంతెన మీదుగా రావడమే మానేశారు. చుట్టూ తిరిగి రావడం, రోజూ లేటు. టీచర్ పిల్లల ఇళ్ళ నుంచి ఒప్పుకోలు ఉత్తరాలు తెప్పించుకుని, ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి పోయారు. ఎర్రటి ఎండ. చేతిలో గొడుగు. అక్కడ బర్రెలు కాసే పెద్దాయనను అడిగితే ఆయన చెప్పిన మాట పిల్లలు నాకు ఆడి చూపించారు. "నావి ఇరవై రెండు బర్రెలు. పొద్దుగాల ఇరవై రెండు దిగినయ్, ఇప్పుడు ఇరవై రెండు ఎక్కినయ్. మొసలి ఉంటే గింట ఇయ్యాల ఉపాసమున్నట్టుంది." చివరికి ఒడ్డుకు ఇంకొంచెం దగ్గరగా పోయి చూస్తే, బురదలో సగం మునిగిన లారీ టైరు. సోమవారం బోర్డు మీద ఒక పక్క మొసలి, ఇంకో పక్క లారీ టైరు. అప్పటినుంచి ఆ ఏడాదంతా ఆమె మొసలి టీచరే.

ఇదంతా ఆట అనుకోకండి. పేలుళ్ళ సాయంత్రాలు చూసిన దిల్‌సుఖ్‌నగర్ మనది. ఆ సాయంత్రాల నుంచి ఇల్లు చేరినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. బాంబు పెట్టేదాకా మనిషి ఒక్కరోజులో పోడని టీచర్ అనేవారు. మొదట ఒక మాట నమ్ముతాడు. తర్వాత ఆ మాట చెప్పినవాణ్ణి నమ్ముతాడు. ఆ తర్వాత ఆ మనిషి ఏం చెయ్యమంటే అది చేస్తాడు. "మూడో మెట్టు కాడ పోలీసోళ్ళు పట్టుకుంటరు. రెండో మెట్టు కాడ తల్లిదండ్రులు పట్టుకోవాలె. మొదటి మెట్టు కాడ బడి తప్ప ఎవ్వరు పట్టుకోలేరు" అనేవారు.

అందులో ఆమెకు తన, పర అని లేదు. ఒక శనివారం తన చీటీ తానే వేశారట. ఆమె పోయే చర్చిలో, వాళ్ళు మందిరం అంటారు, అక్కడి ఆడవాళ్ళ గ్రూపులో, వేరే మతం వాళ్ళ గురించి వచ్చిన మాట. పిల్లల ముందు చదివి, "ఇది నేను నమ్మిన. ఇద్దరికి పంపిన గూడ. చూసినోళ్ళెవరు? నేనైతే చూడలే" అని చెప్పి, పంపిన ఆ ఇద్దరికీ పిల్లల ముందే ఫోన్ చేసి తప్పయిందని చెప్పారు. టీచర్లు కూడా తప్పు చేస్తారని పిల్లలు ఆరోజే కళ్ళారా చూశారు.

ఇప్పుడు నా సంగతి.

నాలుగేళ్ళ కింద మా అమ్మాయి బిందుమాధవి తొమ్మిదో తరగతి. మా ఆయన గోపయ్య గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ ఊరవతలికి పోయాక, ఆయన పొద్దు పొడవకముందే పోవడం, సోలిపోయి రావడం. నేను మిషన్ మీద. కరోనాలో క్లాసుల కోసం కొన్న ఫోన్ పిల్ల చేతిలో. మేము ముగ్గురం ఒకే ఇంట్లో ఉండి, ముగ్గురం మూడు చోట్ల ఉన్నాం. ఆ పిల్లకు వీడియోలు చేయడం బాగా వచ్చు. ఆ సంగతి తల్లినైన నాకు తెలియదు. తెలిసింది ఎవరికి? మొహం కూడా తెలియని ఒక అన్నకు. ఒక గ్రూపులో చేర్చాడు. "చెల్లె, నీ అంత తెలివి ఎవరికీ లేదు, నీలాంటివాళ్ళు ధర్మానికి కావాలి" అని పొగిడాడు. ఇంట్లో ఎవరూ అనని మాట. పిల్ల పొంగిపోయింది. ఆ గ్రూపుకు ఏ బొమ్మ పెట్టుకున్నారో తెలుసా? నేను మంగళవారం మంగళవారం కర్మన్‌ఘాట్ పోయి మొక్కే ఆంజనేయస్వామి బొమ్మ. అది తర్వాత చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇంతలో నేను ఒక తప్పు చేశాను. పెద్ద తప్పు.

ఒక శుక్రవారం బిందు బడి నుంచి వచ్చి, "అమ్మా, రేపు నేను సాక్ష్యం చెప్పాలె" అంది. నేను మిషన్ ఆపేశాను. ఎందుకంటే మా వెనక సందులో ఒక ఇంట్లో ఆదివారం ప్రార్థనలు జరుగుతాయి. మైకులో వినపడుతుంది, "ఇప్పుడు ఒక సహోదరి సాక్ష్యం చెప్తారు" అని. దేవుడు తనకు ఎట్లా మేలు చేశాడో, తాను ఆ దారిలోకి ఎట్లా వచ్చిందో చెప్పడం అన్నమాట. నాకు తెలిసిన సాక్ష్యం అదే. టీచర్ పేరు పుష్పలత, ఆదివారం మందిరానికి పోతుంది, శనివారం నా బిడ్డ చేత సాక్ష్యం చెప్పిస్తుంది. ఇంకేం కావాలి? అన్నీ కలిపి, నా బిడ్డ మతం మారుస్తున్నారనుకున్నాను. పిల్లను అడిగానా? లేదు. టీచర్‌ను అడిగానా? లేదు. బడికి పోయి చూశానా? అదీ లేదు.

మంగళవారం గుడిలో ప్రదక్షిణలు చేస్తూ, నాతోపాటు గుడికి వచ్చే అండాలమ్మకు చెప్పాను. ఒక్క అండాలమ్మకే. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. అప్పుడు నాది మూడో ప్రదక్షిణ. పదకొండో ప్రదక్షిణ పూర్తయ్యేసరికి ఒక కొత్తావిడ నా పక్కకు వచ్చి, "మీకు తెల్వదా, గా బడిల నలభై మంది పిల్లల్ని మతం మార్చిన్రంట" అని నాకే చెప్పింది. నా మాట నాకంటే వేగంగా గుడి చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చింది. అప్పుడైనా ఆపానా? నలభై మంది అంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను. నేను పుట్టించిన మాటనే నేను నమ్మాను.

ఆ మాట ఆ గ్రూపుకు చేరింది. ఆ అన్న బిందును అడిగాడు, క్లాసులో జరిగేది వీడియో తియ్యమని. ఆ శనివారం పిల్ల బెంచీ కింద ఫోన్ పెట్టి తీసింది. ముప్పై మంది పిల్లలు, బోర్డు మీద పిల్లలు పిరియడ్ పేరుగా రాసుకున్న "సాక్ష్యం" అన్న మాట, ఒక అబ్బాయి లేచి "నేను సాక్ష్యం చెప్తా టీచర్" అనడం. ఆ అబ్బాయి చెప్పింది నీళ్ళ ట్యాంకర్ గురించి. అది కోసేసి మిగతాది పంపింది. రెండు రోజుల్లో ఆ వీడియో ఎన్ని ఫోన్లకు పోయిందో నాకు తెలియదు. తెలియదు కాబట్టి చెప్పను.

గురువారం గ్రూపులో రాశారు, వచ్చే మంగళవారం పొద్దున బడి గేటు దగ్గరికి వచ్చి ఆ టీచర్‌కు బుద్ధి చెప్తామని. కర్రలు తెమ్మన్నారు.

అప్పుడు పిల్లకు భయం వేసింది. తల్లికి చెప్పిందా? చెప్పలేదు. నేను తిడతానని భయం. తండ్రికి? ఆయన నిద్రపోతున్నాడు. పోలీసులకు? పద్నాలుగేళ్ళ పిల్ల ఎట్లా పోతుంది? ఆ పిల్లకు ఈ లోకంలో భయపడకుండా మాట చెప్పగల చోటు ఒక్కటే ఉంది. అది ఆ బిస్కెట్ల డబ్బా.

శనివారం టీచర్ మామూలుగానే చీటీలు తీసి చదువుతున్నారు. నాలుగో చీటీ. "మంగళవారం పుష్పలత టీచర్‌ను కొట్టనీకి గేటు కాడికి ఒస్తున్రు." చదివారు. తన పేరు తానే చదివారు. అన్ని చీటీలు ఏ గొంతుతో చదివారో అదే గొంతుతో చదివారట. సుద్దముక్క తీసుకుని "విన్నది" కింద రాశారు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "చూసినోళ్ళెవరు?" అన్నారు.

బిందు లేచి నిలబడింది. "నేను చూసిన టీచర్. వీడియో తీసింది గూడ నేనే."

నా బిడ్డ అని చెప్పడం లేదు. బడి అంటే ఏంటో నాకు ఆ సంగతి విన్నప్పుడు అర్థమైంది. అది గోడలు కాదు, గేటు కాదు. తప్పు చేసిన పిల్ల లేచి నిలబడగలిగిన చోటు.

టీచర్ వెంటనే బిందు ఫోన్ తీసుకుని, బాలరాజ్ సార్‌ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయి అంతా చూపించారు. ధైర్యం వేరు, తెలివితక్కువతనం వేరు అని ఆమెకు తెలుసు. సార్, మీరు నవ్వుతున్నారు కాబట్టి ఈ మాట కూడా చెప్తున్నాను. మీరు ఆరోజు మా అమ్మాయికి టీసీ ఇచ్చి పంపిద్దామన్నారు. మీ జాగాలో నేనున్నా అదే అనేదాన్ని. టీచర్ ఒప్పుకోలేదు. "టీసీ ఇస్తే ఏడికి పోతది సార్? సక్కగ గా గ్రూపులకే పోతది. ఆ అన్న రెండు చేతులు చాపుకొని కూసున్నడు. మన చేతులు మనం ముడుచుకుందామా?" అన్నారు. సార్, మీరు ఆ మాట విన్నారు. అందుకు మీకు నేను రుణపడి ఉన్నాను.

సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చారు. కొట్లాటకే వచ్చిందనుకుని నేను మిషన్ వెనక నిలబడ్డాను. కత్తెర కూడా చేతిలోనే ఉంది. ఆమె కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నేను దేనికి భయపడ్డానో అడిగారు. సాక్ష్యం అన్న మాటకు అని చెప్పాను. ఒక్క నిమిషం నా మొహం చూసి, నవ్వడం మొదలుపెట్టారు. మిషన్ పట్టుకుని నవ్వారు. "యాదమ్మా, మా మందిరంల సాక్ష్యం ఒకటి, కోర్టుల సాక్ష్యం ఒకటి. నాది కోర్టుది తల్లీ." నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పాను. ఆమె నవ్వు ఆపారు. తిట్టలేదు. "మరి మంగళవారం రా. అందరి ముందట చెప్పు" అన్నారు.

మంగళవారం నేను గుడికి పోయే రోజు. స్వామి దర్శనం చేసుకుని, సింధూరం పెట్టుకుని, సక్కగా గేటు దగ్గరికి వచ్చాను. అండాలమ్మను కూడా లాక్కొచ్చాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఇరవై మంది తల్లులు, గేటుకు ఆనించి ఒక నల్లబల్ల. వందమంది వస్తారన్నారు. వచ్చింది ఎంతమంది? పదకొండు మంది. ఆరు బండ్ల మీద. కర్రలున్నాయి, నేను చూశాను. అందులో ఒకడు టీచర్ దగ్గర చదివినవాడే. అలవాటు కొద్దీ "నమస్తే టీచర్" అనేసి, వెంటనే నాలుక కరుచుకుని బండి వెనక దాక్కున్నాడు. ఆమె "ఏం రా, హెల్మెట్ ఏది?" అన్నారు.

అప్పుడు నన్ను పిలిచారు. నా గొంతు ఎంతో మీరు వింటున్నారు కదా? ఆరోజు బజారు అవతలి దుకాణం దాకా వినపడిందట. "ఆ మాట పుట్టించింది నేనే. నేను చూడలే. సాక్ష్యం అంటే ఏందో తెల్వక చెప్పిన. గా దేవుడి మీద ఒట్టు, నేను చూడలే." అండాలమ్మ కూడా నా పక్కకు వచ్చి, తానూ చూడలేదని చెప్పింది. బిందు ముందుకు వచ్చి, వీడియోలో తాను కోసేసిన ముక్క చూపించింది. నీళ్ళ ట్యాంకర్ ముక్క.

టీచర్ ఆ పదకొండు మందిని ఒక్కటే అడిగారు. "మిమ్మల్ని ఈడికి పంపిన అన్న ఏడి? ఆయనను చూసినోళ్ళెవరు?"

ఒక్కరూ చూడలేదు. పేరు తెలియదు, ఊరు తెలియదు, వయసు తెలియదు. కర్ర పట్టుకుని వచ్చారు, పంపినవాడు మనిషా మొసలా తెలియదు. కర్రలు కానిస్టేబుళ్ళు తీసుకున్నారు. ఆ పదకొండు మందిని, వాళ్ళ తల్లిదండ్రుల్ని స్టేషన్‌కు పిలిచి మాట్లాడారు. నమస్తే పెట్టిన పిల్లవాడు ఆ తర్వాత శనివారాలు రెండు మూడు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. హెల్మెట్ తెచ్చుకున్నాడు.

మా బిందుకు టీచర్ ఒక పని అప్పగించారు. పిల్లలు పోయి చూసివచ్చిన సంగతులు వారం వారం వీడియో చెయ్యాలి. కోత ఉండకూడదు, అది ఒక్కటే నియమం. "నీకు తెలివుంది" అని ఆ అన్న చెప్పాడు, టీచర్ కూడా చెప్పారు. మాట ఒక్కటే. ఆయన ఆ తెలివిని వాడుకున్నాడు, ఈమె దానికి పని నేర్పారు. ఇప్పుడు బిందు దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. ఇందాక మీరు చూసిన టీచర్ వీడియో అది చేసిందే.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. శనివారం ఆఖరి పిరియడ్ ఇక నుంచి లెక్కలకు ఇస్తారని విన్నాను. విన్నాను, అంతే. బోర్డు మీద "విన్నది" పక్కనే రాస్తాను. బాలరాజ్ సార్, లెక్కలు కావాలి, కాదనను. కానీ మొన్న నా బిడ్డ చీటీ వేసింది, రేపు ఎవరి బిడ్డకు డబ్బా అవసరమో మనకు తెలుసా? ఆ డబ్బా తీసేస్తే ఆ చీటీ ఎక్కడ పడుతుంది? కొత్త టీచర్ వచ్చేదాకా ప్రతి శనివారం వచ్చి కూర్చుంటానని బిందు అంటోంది. నేను చాయ్ పంపిస్తాను. ఆలోచించండి సార్.

సార్ తలూపారు. మీరందరూ చూశారు కదా? చూసినోళ్ళెవరు? చేతులెత్తండి. ఆ, చాలు. ఇంతమంది సాక్ష్యం ఉంటే సార్ ఇక తప్పుకోలేరు.

ఆఖరి మాట. పదకొండు రోజుల కింద మళ్ళీ అదే మెసేజ్ వచ్చింది. "టీచర్ ఇక లేరు." ఈసారి గ్రూపులో ఎవరూ దండాలు పెట్టలేదు. అందరూ ఎదురుచూశారు, ఆమె ఏమైనా రాస్తారేమోనని. నేనూ ఎదురుచూశాను. రాలేదు. మిషన్ ఆపి, ఆటో ఎక్కి దవాఖానకు పోయాను. మోహన్ అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి పోయి, చేయి పట్టుకుని, మొహం చూసి, బయటికి వచ్చి గ్రూపులో రాశాను. "నేను చూసిన."

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది అదే. నాలుగేళ్ళ కింద చూడకుండా ఆమె గురించి ఒక మాట చెప్పాను. ఈ సభలో చెప్పినవన్నీ నేను కళ్ళారా చూసినవో, చూసినవాళ్ళ నోట విన్నవో. ఇది నా సాక్ష్యం. మందిరంలోది అనుకున్నా సరే, కోర్టుది అనుకున్నా సరే.

ఇదిగో, ఆమె డబ్బా బల్ల మీద పెట్టాను. చీటీలు, పెన్సిళ్ళు పక్కనే ఉన్నాయి. ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు నిలబడదాం. ఫోన్లు కింద పెట్టండి. కళ్ళు మూసుకుని, టీచర్ చేయగా మీరు మీ కళ్ళతో చూసిన పని ఒక్కటి గుర్తు చేసుకోండి. విన్నది వద్దు, చూసిందే. తర్వాత అది రాసి డబ్బాలో వేసి వెళ్ళండి. వచ్చే శనివారం పిల్లలు చదువుతారు.

లేవండి. పిల్లలూ, మీరు కూడా. మౌనంగా నిలబడదాం.